అలెప్పీ హౌస్‌బోటులో కుటుంబంతో ఒక రోజు: బుక్ చేసే ముందు నుంచి దిగే దాకా

దసరా సెలవులు అయిపోగానే చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది: "పిల్లలతో, అమ్మానాన్నలతో కేరళలోని అలెప్పీ వెళ్తున్నాం, ఏ బోటు బాగుంటుంది?" నేను ప్రతిసారీ చెప్పేది ఇదే. బోటు పేరు తర్వాత చూసుకోవచ్చు. ముందు అది ఏ దారిలో వెళ్తుందో, ఎన్ని గంటలు కదులుతుందో అడగండి. మంచం మీద గులాబీ రేకుల ఫొటో చూసి డబ్బు కట్టినవాళ్లలో చాలామంది నిరాశగా తిరిగొస్తారు. దారి, గంటలు చూసి కట్టినవాళ్లు అదే ధరకు మంచి రోజు గడిపి వస్తారు.

గంటల లెక్క ముందే తెలియాలి. ఒక రాత్రి బస అంటే మధ్యాహ్నం 12 ప్రాంతంలో ఎక్కించుకుని మర్నాడు ఉదయం 9కి దింపేస్తారు. మధ్యాహ్నం భోజనానికి ఓ గంట ఎక్కడో గట్టుకు కట్టేస్తారు. సాయంత్రం అయిదున్నరకల్లా రాత్రి బసకు ఆపేయాలి, ఎందుకంటే ఆ వేళ నుంచి జాలర్లు వలలు వేసుకుంటారు. మర్నాడు పొద్దున్న మరో గంట తిప్పుతారు. అంటే ఇరవై ఒక్క గంటల అద్దెలో బోటు నీటి మీద కదిలేది అయిదారు గంటలు మాత్రమే. ఇది మోసం కాదు, అక్కడి పద్ధతే అంత. తెలియకుండా వెళ్తే మాత్రం మోసపోయినట్టే అనిపిస్తుంది.

ఇంతకీ మీరు తిరిగేది ఏ నీళ్లలో? శబరిమల కింద మన స్వాములు స్నానం చేసే పంపా నదే కిందికి పారి, మణిమల, అచ్చన్‌కోవిల్ నదులతో పాటు అలెప్పీ చుట్టూ ఉన్న కుట్టనాడు పొలాల మధ్య పాయలుగా చీలి వెంబనాడు సరస్సులో కలుస్తుంది. కుట్టనాడులో వరిపొలాలు సముద్రమట్టం కన్నా కింద ఉంటాయి. బోటు ముందు కూర్చుని గట్టు అవతలికి చూస్తే పొలం మీ కాళ్ల కన్నా దిగువన కనిపిస్తుంది. గట్టుకు ఇటు నది, అటు మడి, మధ్యలో మనిషి నడిచేంత దారి, దాని మీదే ఇళ్లు, కొబ్బరి చెట్లు. దీన్ని నింపాదిగా చూడటానికే ఈ ప్రయాణం.

వెంట ఉండాల్సినవి

అందరి గుర్తింపు కార్డుల నకళ్లు. దోమల మందు, పొడుగు చేతుల బట్టలు. ఒక టార్చి. మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు చేతికర్ర. పిల్లలకు వెనక పట్టీ ఉన్న చెప్పులు, ఎందుకంటే తడిసిన చెక్క మీద హవాయి చెప్పులు జారతాయి. వాంతుల మాత్రలు బోటు కోసం అక్కర్లేదు, ఘాట్ రోడ్డు మీదుగా వచ్చేవాళ్లకు కావాలి. చిన్న సీసాలో ఆవకాయ, కాస్త కందిపొడి. ఎందుకో భోజనాల దగ్గర చెబుతాను. మీ పిల్లవాడి బరువు ఎంతో తెలుసుకుని వెళ్లండి, లైఫ్ జాకెట్ దగ్గర పనికొస్తుంది. పెద్ద పెట్టెలు వద్దు. రేవులో రెండు మూడు బోట్లు దాటుకుంటూ మీ బోటులోకి ఎక్కాల్సి రావచ్చు.

1. నెల ఎంచుకోండి

నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. కుట్టనాడులో ముఖ్యమైన పంటను 'పుంజ' అంటారు. అక్టోబరు, నవంబరుల్లో విత్తి మార్చి, ఏప్రిల్ నెలల్లో కోస్తారు. కాబట్టి జనవరిలో వెళ్తే రెండు పక్కలా పచ్చదనమే. ఏప్రిల్, మే నెలల్లో ఉక్కపోత. ఏసీ పగలంతా ఉండే బోటైతేనే పెద్దలు తట్టుకోగలరు. జూన్ నుంచి వర్షాలు. ధర తగ్గుతుంది, వాన చూడ్డానికి బాగుంటుంది కూడా, కానీ వరద హెచ్చరిక వస్తే బోట్లు ఆగిపోతాయి. ముందుకట్టిన డబ్బు అప్పుడు తిరిగి ఇస్తారా అని అడిగే బుక్ చేయండి.

డిసెంబరు 20 నుంచి జనవరి మొదటి వారం దాకా వెళ్లొద్దని నా గట్టి సలహా. ధరలు రెట్టింపు దాకా పోతాయి, హౌస్‌బోట్లు బయలుదేరే పున్నమడ రేవు దగ్గర బోటు వెనక బోటు వరస కడతాయి, వంటవాళ్లకు ఊపిరి సలపదు. సంక్రాంతి సెలవుల్లో వెళ్లండి. తమిళనాడు నుంచి పొంగల్‌కు వచ్చేవాళ్లు ఉన్నా, క్రిస్మస్ రద్దీ ఉండదు. అలెప్పీలో జరిగే నెహ్రూ ట్రోఫీ పడవ పందెం చూడాలనుకుంటే సంప్రదాయంగా అది ఆగస్టు రెండో శనివారం. ఈ మధ్య సంవత్సరాల్లో తేదీ మారుతోంది గనుక ఖాయం చేసుకున్నాకే టికెట్లు తీయండి. పందెం రోజు అక్కడ హౌస్‌బోటు విహారం మాత్రం పెట్టుకోకండి.

2. దారి ఎంచుకోండి

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. చాలామంది దాటేసేదీ ఇదే.

ఎక్కువ బోట్లు చేసేది ఒక చుట్టు: పున్నమడ రేవు నుంచి వెంబనాడు సరస్సు అంచు, సరస్సును పూడ్చి చేసిన ఆర్ బ్లాక్ పొలాలు, కైనకరి, మళ్లీ వెనక్కి. సరస్సు విశాలంగా ఉంటుంది, గాలి బాగుంటుంది. కానీ ఒడ్డు దూరమైపోతుంది. అరగంట గడిచేసరికి పిల్లలు ఫోను అడుగుతారు.

రెండోది నది దారి: నెడుముడి, చంపకుళం, పుళింకున్ను, కావాలం వైపు. ఇక్కడ పంపా పాయల మీద వెళ్తారు. ఇంటి మెట్ల మీద గిన్నెలు తోముకునే అమ్మలు, చిన్న పడవలో బడికి వెళ్లే పిల్లలు, నీటి ఒడ్డునే చర్చి, గుడి, కల్లు దుకాణం, అన్నీ పదిహేను ఇరవై అడుగుల దూరంలో కనిపిస్తాయి. కుటుంబంతో వెళ్తే నేను ఈ దారినే ఎంచుకోమంటాను. చంపకుళంలో నది ఒడ్డున పాత సెయింట్ మేరీస్ చర్చి ఉంది, దిగి చూడొచ్చు. నెడుముడి, చంపకుళం రేవుల నుంచే బయలుదేరే బోట్లూ ఉన్నాయి. వాటిని తీసుకుంటే పున్నమడ రద్దీ తప్పుతుంది.

మూడోది అలెప్పీలో ఎక్కి సరస్సు దాటి కుమరకంలో దిగడం. కుమరకం పక్షుల కేంద్రం చూసి కొట్టాయంలో రైలెక్కేవాళ్లకు ఇది కలిసొస్తుంది. ఒకవైపు ప్రయాణానికి అదనంగా అడుగుతారు, మధ్యాహ్నం తర్వాత సరస్సులో అలలు కాస్త లేస్తాయి.

హెచ్చరిక: హౌస్‌బోటు ఏదైనా ఇరుకు కాలువల్లోకి పోదు. కొబ్బరి చెట్లు పైన కలుసుకునే సన్నని కాలువ ఫొటోలు చూసి మీరు మనసు పడి ఉంటే, అవి చిన్న తెడ్డు పడవలో తీసినవి. దానికి విడిగా గంట లెక్కన పడవ మాట్లాడుకోవాలి. తప్పకుండా మాట్లాడుకోండి, ఆ గంట పిల్లలు మరచిపోరు.

3. మీ ఇంటికి సరిపోయే బోటు

నలుగురికి రెండు గదులు, ఆరేడుగురికి మూడు గదులు చాలు. పన్నెండు మందికి ఆరు గదుల బోటు ఒకటి తీసుకోవాలా, మూడు గదులవి రెండా అని అడుగుతుంటారు. అందరూ కలిసి కూర్చోవాలంటే ఒకటే తీసుకోండి. కానీ పెద్ద బోటు నెమ్మదిగా తిరుగుతుంది, వెడల్పు పాయల్లోనే వెళ్తుంది. రెండు చిన్నవి తీసుకుని రాత్రి పక్కపక్కన కట్టమంటే రెండూ కలిసొస్తాయి.

'డీలక్స్' అంటే సాధారణంగా ఏసీ రాత్రి 9 నుంచి పొద్దున్న 6 వరకే. 'ప్రీమియం' అంటే రోజంతా. డిసెంబరు, జనవరుల్లో డీలక్స్ చాలు, పగలు మీరు గదిలో ఉండకూడదు కూడా.

మేడ ఉన్న బోటు అందంగా ఉంటుంది. కానీ అయిదేళ్లలోపు పిల్లలున్నవాళ్లకు నేను వద్దంటాను. మెట్లు నిటారుగా ఉంటాయి, ఒక పెద్దమనిషి రోజంతా వాటి దగ్గరే కాపలా ఉండాలి. రెండేళ్లలోపు పాప ఉన్నా, బోటుకూ గట్టుకూ మధ్య వేసే చెక్క పలక దాటలేని తాతగారు ఉన్నా రాత్రి బస మానుకోండి. ఉదయం 11 నుంచి సాయంత్రం 5 దాకా పగటి విహారం చేసి, నీటి ఒడ్డునే ఉన్న హోమ్‌స్టేలో పడుకోండి. కదిలే గంటలు దాదాపు అవే, ఖర్చు తక్కువ, నిద్ర ప్రశాంతం.

4. ముగ్గురికి ఒకే మెసేజ్ పంపండి

ధర ఎంత అని మాత్రమే అడిగితే ధర మాత్రమే చెబుతారు. కింది ప్రశ్నలన్నీ ఒకే మెసేజ్‌లో రాసి కనీసం ముగ్గురు యజమానులకు పంపండి. ఫోనులో చెప్పింది లెక్కలోకి రాదు, రాసి పంపమనండి.

బోటు మాకు మాత్రమేనా, వేరే కుటుంబం కూడా ఉంటుందా?
ఎక్కేది, ఆపేది, దింపేది ఎన్ని గంటలకు?
ఏ దారి? మధ్యాహ్నం ఎక్కడ ఆపుతారు, రాత్రి ఎక్కడ కడతారు?
ఏసీ ఏ వేళల్లో?
మధ్యాహ్నం, రాత్రి భోజనం, పొద్దున్న ఫలహారంలో ఏమేమి ఇస్తారు? శాకాహారం వండుతారా?
పిల్లల కొలత లైఫ్ జాకెట్లు ఎన్ని ఉన్నాయి?
బోటు రిజిస్ట్రేషన్ నంబరు ఎంత? ఈ నెలలో తీసిన ఫొటో పంపగలరా?
రద్దు చేసుకుంటే, వరద వస్తే ఎంత తిరిగి ఇస్తారు?

చివరి మూడు ప్రశ్నలకు సూటిగా జవాబు ఇవ్వనివాళ్లను వదిలేయండి, ఎంత చవకైనా సరే. మిగిలినవాళ్ల ధరలు అప్పుడు పోల్చుకోండి. ముందు కొంత మాత్రమే కట్టి, మిగతాది బోటు కళ్లతో చూశాక కడతామని చెప్పండి. అక్కడ ఇది మామూలే, ఎవరూ తప్పు పట్టరు.

బుక్ చేయకుండా నేరుగా రేవుకు వెళ్లి బేరం ఆడొచ్చా? వారం మధ్యలో, రద్దీ లేని నెలలో, ఇద్దరే అయితే ఆడొచ్చు. పిల్లాజెల్లాతో వద్దు. బస్టాండు దగ్గర, దారిలో కారు ఆపి "బోటు కావాలా" అనేవాళ్ల కమీషను మీ ధరలోనే ఉంటుంది.

5. పదకొండు గంటలకల్లా రేవులో ఉండండి

బోటు సాయంత్రం అయిదున్నరకు ఆగాల్సిందే. మీరు రెండు గంటలకు చేరితే పోయిన రెండు గంటలు ఎవరూ తిరిగి ఇవ్వరు. మనవాళ్లు కట్టే ప్యాకేజీల్లో పెద్ద లోపం ఇక్కడే ఉంది: పొద్దున్న మున్నారులో బయలుదేరి అదే రోజు బోటు ఎక్కమంటారు. మున్నారు నుంచి అలెప్పీకి అయిదు గంటల దారి, మొదటి సగం మలుపులే. పిల్లలు వాంతులు చేసుకుని, పెద్దలు నడుం పట్టేసి, ఆకలితో బోటెక్కి, అన్నం తిని నిద్రపోతారు. లేచేసరికి బోటు కట్టేసి ఉంటుంది. కాబట్టి ముందు రాత్రి అలెప్పీలోనో, కొట్టాయంలోనో, కొచ్చిలోనో పడుకోండి.

విశాఖ, రాజమండ్రి, విజయవాడ వైపు వాళ్లకు ధన్‌బాద్–అలెప్పీ రైలు నేరుగా ఉంది. టికెట్టు తీసేటప్పుడు స్టేషను పేరు అలప్పుళ అని వెతకండి. సికింద్రాబాదు, గుంటూరు వైపు నుంచి శబరి ఎక్స్‌ప్రెస్‌లో కొట్టాయంలో దిగొచ్చు. విమానంలో వస్తే కొచ్చి విమానాశ్రయం నుంచి అలెప్పీకి 80 కిలోమీటర్లు పైనే. రోడ్డు రద్దీతో రెండు, రెండున్నర గంటలు పెట్టుకోండి.

6. ఎక్కగానే పది నిమిషాల తనిఖీ

మిగతా డబ్బు ఇవ్వకముందే, బోటు తాడు విప్పకముందే ఇది చేయండి. మొహమాటం వద్దు.

ముందుగా లైఫ్ జాకెట్లు. "ఉన్నాయి సార్" అంటే సరిపోదు, బయటికి తీయించండి. పిల్లవాడికి వేసి పట్టీలన్నీ బిగించి, జాకెట్ భుజాల దగ్గర రెండు చేతులతో పట్టుకుని పైకి లాగండి. జాకెట్ పైకి జారి గడ్డం, చెవులు దాకా వచ్చేసిందంటే అది పెద్దది, నీళ్లలో పిల్లవాడు దాంట్లోంచి కిందికి జారిపోతాడు. మరోటి అడగండి. లోపల రాసి ఉన్న బరువు కూడా చూడండి. సరైన కొలత లేకపోతే తెప్పించే దాకా బోటు కదలనివ్వకండి. 2019 సెప్టెంబరులో గోదావరి మీద కచ్చులూరు దగ్గర, 2023 మేలో కేరళ తానూరులో బోటు మునిగి, విహారానికి బయలుదేరిన కుటుంబాలు ఏమయ్యాయో మనందరికీ తెలుసు. తానూరు బోటులో జనం పరిమితికి మించి ఉన్నారు. మీ బోటులో ఎందరికి అనుమతి ఉందో చూసి, మీ లెక్క అంతకు మించకుండా చూసుకోండి.

తర్వాత రెయిలింగు. కడ్డీల మధ్య మీ పాప తల పట్టేంత సందు ఉందా? ఉంటే ఆ పక్క కుర్చీలు తీయించి వెదురు చాపో, సోఫానో అడ్డం పెట్టమనండి. మంటలార్పే సిలిండరు వంటగది దగ్గర ఉందా, దాని గడువు తేదీ దాటిందా చూడండి. ప్రతి గదిలో ఏసీ వేసి, కుళాయి తిప్పి, మరుగుదొడ్డి ఫ్లష్ చేసి చూడండి. రిజిస్ట్రేషన్ నంబరు మీకు పంపినదేనా? బుక్ చేసిన బోటుకు బదులు 'దాని చెల్లెలు లాంటి' మరో బోటు ఇచ్చేది ఇక్కడే. నంబరు వేరైతే, మీకు నచ్చకపోతే, ఒప్పుకోకండి. రేవు వదిలాక వాదించి లాభం లేదు.

చివరగా బోటు నడిపే సరంగుతో కూర్చుని ఫోనులో మ్యాపు తెరిచి, ఏ దారిలో వెళ్తారో వేలితో చూపించమనండి. మీ మెసేజ్‌లోని ఊళ్ల పేర్లు చదవండి. చాలామంది సరంగులు సంతోషంగా చెబుతారు. వాళ్లు ఆ నీళ్ల మధ్యే పెరిగినవాళ్లు.

7. వంటవాడితో ముందే మాట్లాడండి

బోటు కదిలిన వెంటనే వంట మొదలవుతుంది, కాబట్టి ఎక్కగానే చెప్పాలి. అడగకపోతే ఎర్రటి లావు బియ్యం అన్నం రావచ్చు. నాకు ఇష్టమే, కానీ మన పిల్లలు, పెద్దలు తినలేరు. తెల్ల బియ్యం అడగండి. కొబ్బరి నూనె పడనివాళ్లుంటే వేరే నూనెతో వండమనండి. కారం తక్కువ ఉంటుంది, మీ ఆవకాయకు పని ఇక్కడే. పెరుగు రెండు పూటలా కావాలని చెప్పకపోతే రాత్రికి ఉండదు.

చేపలు తినేవాళ్లకు కరిమీన్ వేపుడు ఇస్తారు. రుచి గొప్పది, ముళ్లు ఎక్కువ. చిన్నపిల్లలకు పెద్దవాళ్లే ఒలిచి పెట్టండి. దారిలో చేపల దుకాణం దగ్గర ఆపి పెద్ద రొయ్యలు చూపిస్తారు. కొనాలన్న నిర్బంధం ఏమీ లేదు. కొంటే కిలో ధర అడిగి, మీ ముందే తూయించి, వండినందుకు అదనంగా తీసుకుంటారా అని తేల్చుకున్నాకే కొనండి.

8. సాయంత్రం నుంచి పొద్దున్న దాకా

బోటు గట్టుకు కట్టగానే చాలామంది గదుల్లోకి వెళ్లిపోతారు. వద్దు. అప్పటి నుంచి చీకటి పడే దాకా ఉన్న ముప్పావుగంటలో గట్టు మీద నడవండి. తెడ్డు పడవ మాట్లాడుకుంటే ఇదే వేళ, లేదంటే మర్నాడు ఆరున్నరకు. గట్టు మీద ఇళ్లవాళ్ల వాకిట్లోంచే మీరు నడుస్తున్నారని గుర్తుపెట్టుకోండి. స్నానాలు, బట్టలు ఉతకడం అన్నీ ఆ మెట్ల మీదే. ఫొటో తీసే ముందు అడగండి.

దీపాలు వేయకముందే గది తలుపులు, కిటికీలు మూసేయండి. ఆ తర్వాత మూస్తే దోమలు లోపలే ఉంటాయి. చీకటి పడ్డాక ఎవరూ ఒంటరిగా పలక దాటి గట్టు మీదికి వెళ్లకూడదని ఇంట్లో అందరికీ చెప్పండి, ముఖ్యంగా పదిహేనేళ్ల కుర్రాళ్లకు. పలక వెడల్పు అడుగు దాకా ఉంటుంది, మంచుకు తడుస్తుంది.

నీళ్లలోకి దిగొద్దు. పైకి నిశ్చలంగా కనిపించినా అడుగున బురద, నీటిలో గుర్రపుడెక్క వేళ్లు ఉంటాయి. కాలికి పుండు, పగుళ్లు ఉన్నవాళ్లు కాలువ నీటిలో పాదాలు కూడా పెట్టకండి. కుట్టనాడులో ఎలుక జ్వరం ఉంది, అది ఇలాగే సోకుతుంది. ప్లాస్టిక్ కవరు ఒక్కటి కూడా నీళ్లలో పడకూడదు. చుట్టూ నీరున్నా తాగునీటికి ఇబ్బంది పడే ఊళ్లు అవి.

అంతా సరిగ్గా జరుగుతోందని ఎలా తెలుస్తుంది?

మధ్యాహ్నం ఒంటిగంటకు, మూడింటికి, అయిదింటికి ఫోను మ్యాపులో మీరున్న చోటు చూడండి. మూడింటికి కూడా బయలుదేరిన రేవుకు కిలోమీటరు లోపలే ఉన్నారంటే సరంగును మర్యాదగా అడగండి, మెసేజ్ చూపించండి. భోజనానికి కట్టిన బోటు గంటన్నర దాటినా కదలకపోతే అడగాల్సిందే. డీజిలు ఆదా చేసుకోవడానికి కొందరు అలా ఆపేస్తారు. రాత్రి 9కి ఏసీ వేశాక పది నిమిషాల్లో గది చల్లబడకపోతే అప్పుడే చెప్పండి, పదకొండింటికి చెబితే మనుషులు నిద్రలో ఉంటారు. జనరేటరు మీ గది గోడకే ఉంటే పెద్దవాళ్లకు ముందువైపు గది ఇవ్వండి.

పొద్దున్న ఎనిమిదికి బోటు కదులుతుంది. ఫలహారం కదిలే బోటులో పెట్టమనండి. కట్టేసినప్పుడే తినేసి, కదిలేటప్పుడు పెట్టెలు సర్దుకుంటూ కూర్చునే కుటుంబాలే ఎక్కువ. పెట్టెలు రాత్రే సర్దేయండి.

తొమ్మిదికి దిగాక రోజంతా మీదే. అలెప్పీకి దక్షిణాన 14 కిలోమీటర్ల దూరంలో అంబలప్పుళ కృష్ణుడి గుడి ఉంది, అక్కడి పాల పాయసం ప్రసాదం ప్రసిద్ధం. మధ్యాహ్నానికల్లా అయిపోతుంది కాబట్టి నేరుగా వెళ్లండి. నీళ్ల మీద మోజు తీరకపోతే ఊళ్లోని బోటు జెట్టీ నుంచి కేరళ ప్రభుత్వ జల రవాణా శాఖ బోట్లు కొట్టాయానికి, నెడుముడికి, కావాలానికి తిరుగుతాయి. కొట్టాయానికి రెండున్నర గంటలు, టికెట్టు బస్సు చార్జీలాగే స్వల్పం. హౌస్‌బోటు ఖర్చు భరించలేమని ప్రయాణమే మానుకుంటున్నవాళ్లకు నేను ముందు చెప్పేది ఈ బోటే. కిటికీ పక్క సీటు కోసం పావుగంట ముందు వెళ్లండి. తిరుగు బోటు ఎప్పుడో కౌంటర్లో అడిగాకే ఎక్కండి.